ఆడమనిషి వచ్చి ఓటు అడిగితే

2024 మే 13న కడప టౌన్‌లో ఓటు వేసినవాళ్ల ముందు రెండు మిషన్లు ఉన్నాయి. ఒకటి అసెంబ్లీకి, ఒకటి పార్లమెంటుకి. రెండింటి మీదా అందరికీ తెలిసిన ఒక్కో మహిళ పేరు ఉంది. అసెంబ్లీకి తెలుగుదేశం తరఫున రెడ్డప్పగారి మాధవి రెడ్డి, లోక్‌సభకు కాంగ్రెస్ తరఫున వైఎస్ షర్మిల. జూన్ 4న లెక్క తేలింది. మాధవి రెడ్డి అప్పటి ఉపముఖ్యమంత్రి అంజాద్ బాషాను 18 వేలకు పైగా ఓట్ల తేడాతో ఓడించారు. షర్మిలకు ఏడు నియోజకవర్గాల్లో కలిపి సుమారు 1.41 లక్షల ఓట్లు వచ్చాయి, మూడో స్థానంలో నిలిచారు. ఒకే మనిషి, ఒకే బూత్‌లో, నిమిషం తేడాతో ఒక ఆడమనిషికి సరేనని, ఇంకో ఆడమనిషికి వద్దని చెప్పిన సందర్భాలు ఆరోజు ఎన్నో ఉండే ఉంటాయి.

అందుకే "సీమలో ఆడవాళ్లను ఎవరు గెలిపిస్తారప్పా" అనే మాటను నేను ఉన్నదున్నట్టు ఒప్పుకోలేను. పాత కర్నూలు, అనంతపురం, కడప జిల్లాలు మూడూ కలిపితే 38 అసెంబ్లీ సీట్లు. 2024లో వాటిలో ఏడింట మహిళలు గెలిచారు. ఆళ్లగడ్డలో భూమా అఖిలప్రియ, పాణ్యంలో గౌరు చరితారెడ్డి, రాప్తాడులో పరిటాల సునీత, శింగనమలలో బండారు శ్రావణిశ్రీ, పెనుకొండలో సవిత, పుట్టపర్తిలో పల్లె సింధూరరెడ్డి, కడపలో మాధవి రెడ్డి. గెలుస్తున్నారు, నిజమే. కానీ 38లో ఏడంటే ఐదో వంతు కూడా కాదు. ఓటర్ల జాబితా చూస్తేనేమో రాష్ట్రంలో మగవాళ్లకంటే ఆడవాళ్లే ఎక్కువ. ఆ ఎన్నికల నాటికి ఆడవాళ్లు దాదాపు 2 కోట్ల 10 లక్షలు, మగవాళ్లు 2 కోట్ల 3 లక్షలు.

ఎన్నికలప్పుడు మా ఊళ్లలో తిరిగితే మహిళా అభ్యర్థి గురించి రెండు మాటలు పదేపదే వినపడతాయి. "ఆయమ్మ నాకు నచ్చదు" అనేది ఒకటి. "ఆయమ్మను నమ్మి ఎట్లా ఓటేసేది" అనేది ఇంకొకటి. రెండూ ఒకటే అన్నట్టు వాడేస్తుంటాం. కానీ నచ్చకపోవడం వేరు, నమ్మకపోవడం వేరు. రెండింటి వేర్లు వేరు, పోయే దారులూ వేరు. ఈ రెండు దారాలను విడదీయకపోతే ఈ చిక్కుముడి ఎప్పటికీ అర్థం కాదు.

రాత్రి పన్నెండుకు వస్తాదా?

ముందు నమ్మకం సంగతి. మన దగ్గర ఎమ్మెల్యే అంటే అసెంబ్లీలో చట్టాలు చేసే మనిషి అని ఓటరు అనుకోడు. పొలం గట్టు తగాదాలో అండగా నిలబడే మనిషి. ఎమ్మార్వో ఆఫీసులో ఆగిపోయిన పాస్‌బుక్కును కదిలించే మనిషి. పెద్దాసుపత్రిలో బెడ్డు దొరకకపోతే ఫోన్ చేసే మనిషి. పిల్లోణ్ని స్టేషన్‌లో కూర్చోబెడితే విడిపించుకొచ్చే మనిషి. దశాబ్దాల పాటు ఫ్యాక్షన్ చూసిన నేల ఇది. ఇక్కడ అండ అంటే మంచితనం కాదు, వెనకాల జనం ఉండటం.

అనంతపురం నుంచి కళ్యాణదుర్గం వెళ్లే బస్సులో ఒక పెద్దాయన నా పక్క సీట్లో కూర్చుని చెప్పిన మాట ఇంకా గుర్తుంది. తమ అభ్యర్థి గురించి ఎంతో మర్యాదగానే మాట్లాడాడు. "ఆయమ్మ మంచిదేమ్మా. బాగా చదువుకునింది. కానీ రాత్రి పన్నెండుకు మావోణ్ని స్టేషన్‌లో ఏస్తే వస్తాదా?" అన్నాడు. ఆ గొంతులో ద్వేషం లేదు. ఉన్నది భయం. కష్టం వస్తే వెళ్లడానికి ఇంకో చోటు లేనివాడు, తన దగ్గరున్న ఒకే ఒక్క ఓటును ఎవరి దగ్గర పెట్టాలా అని లెక్క వేసుకుంటున్నాడు. ఆ లెక్కను తప్పుబట్టే హక్కు మనకు లేదు.

కానీ లెక్కలో ఒక పొరపాటు ఉంది. మగ ఎమ్మెల్యే కూడా రాత్రి పన్నెండుకు స్టేషన్‌కు రాడు. ఆయన మనిషి ఎవరో ఫోన్ చేస్తాడు. ఫోన్ చేయడానికి మీసం అక్కర్లేదు. అయినా మగ అభ్యర్థిని ఆ ప్రశ్న ఎవరూ అడగరు. ఆయన వస్తాడని ముందే ఒప్పేసుకుంటాం, రాకపోతే అప్పుడు తిట్టుకుంటాం. ఆడ అభ్యర్థి దగ్గరికి వచ్చేసరికి ముందు రుజువు చూపించమంటాం. మగవాడికి నమ్మకం అప్పుగా ఇస్తాం, ఆడమనిషి మాత్రం పూర్తి డబ్బు ముందే కట్టి తీసుకోవాలి.

ఆ రుజువు ఎక్కడ నుంచి తేవాలి? రాజకీయం నేర్చుకునే బడి మన పల్లెల్లో రచ్చకట్టే. టీ అంగడి, చావు ఇల్లు, పెళ్లి పందిరి, రాత్రి పూట జరిగే పంచాయితీలు. మగపిల్లోడు పదహారేళ్ల నుంచే వాటి చుట్టూ తిరుగుతాడు. ఎవరికి ఎవరితో పడదు, ఏ కులం ఏ వీధిలో ఎన్ని ఓట్లు, ఏ ఎస్సై మాట వింటాడు, అన్నీ వింటూ వింటూ వంటబట్టించుకుంటాడు. "తిరిగి ఆడది చెడింది, తిరగక మగవాడు చెడ్డాడు" అని సామెత కట్టి పెట్టుకున్న జాతి మనది. తిరిగితే పేరు పోతుంది, తిరగకపోతే "ఆయమ్మ యాడ కనపడుతుంది, ఎన్నికలప్పుడే కదా" అంటారు. రచ్చకట్ట పక్క నుంచి కొంగు సర్దుకుని తల దించుకుని పోవాలని నేర్పిన మనిషినే, నలభై ఏళ్లు వచ్చాక అక్కడ కూర్చున్నవాళ్ల లెక్కలు నీకు తెలియవని తప్పుబడుతున్నాం.

మా పెద్దమ్మ 2013లో సర్పంచ్ అయింది. అనంతపురం జిల్లాలో ఒక మెట్ట ఊరు. సీటు ఆడవాళ్లకు రిజర్వ్ కావడంతో మా పెద్దనాయన ఆమెను నిలబెట్టాడు. ఫ్లెక్సీలో పెద్దనాయన ఫొటో నిలువెత్తు, పెద్దమ్మది మూలన దండం పెడుతూ చిన్నది. గెలిచాక మొదటి ఏడాది ఆమె పంచాయతీ ఆఫీసుకు వెళ్లింది నాలుగైదు సార్లే. తీర్మానాల పుస్తకం ఇంటికే వచ్చేది. ఒక మధ్యాహ్నం నేను అక్కడే ఉన్నాను. పెద్దమ్మ వాకిట్లో చాట ముందు పెట్టుకుని శెనక్కాయలు ఒలుస్తోంది. సెక్రెటరీ వచ్చి పుస్తకం చేతికి ఇచ్చాడు. ఆమె లేచి చేతులు కడుక్కుని, కొంగుతో తుడుచుకుని, అతను వేలు పెట్టి చూపించిన చోట నిదానంగా సంతకం చేసింది. "ఇది దేనికి నాయనా?" అని అడిగింది. "మీకెందుకమ్మా ఆ టెన్షన్, పెద్దాయనకు చెప్పినాలే" అని పుస్తకం తీసుకుని అరుగు మీద ఉన్న పెద్దనాయన దగ్గరికి పోయి కూర్చున్నాడు. ఇద్దరూ అరగంట మాట్లాడుకున్నారు. పెద్దమ్మ మళ్లీ చాట ముందు కూర్చుంది. కాసేపు ఒక్క కాయ కూడా ఒలవలేదు.

రెండో ఏడాది ఎండాకాలం బోరు మోటారు కాలిపోయింది. ఊరికి మంచినీళ్లు లేవు. పెద్దనాయన ఏదో పెళ్లికి వెళ్లి ఊళ్లో లేడు. పెద్దమ్మ పదిహేను మంది ఆడవాళ్లను వెంటేసుకుని ఆటోల్లో మండల ఆఫీసుకు వెళ్లి, మోటారు ఇచ్చేదాకా లేవమని వరండాలో కూర్చుంది. నాలుగో రోజుకు నీళ్లొచ్చాయి. ఆ వారం రచ్చకట్ట దగ్గర నేను విన్న మాట ఇది: "పెద్దాయన ఫోన్ కొట్టినాడంట, దెబ్బకు పనైపోయింది." అదే ఏడాది వానలకు కాలువ పూడిపోయి వీధిలో నీళ్లు నిలిస్తే అదే కట్ట మీద విన్నది: "ఆడమనిషి సర్పంచ్ అయితే ఇంతేలేప్పా."

మా ఊరిలో మాత్రమే జరిగింది కాదు ఇది. 2019లో ఆర్థికశాస్త్రంలో నోబెల్ అందుకున్నవాళ్లలో ఒకరైన ఎస్తేర్ డుఫ్లో, పెతియా టోపలోవా అనే ఇంకో పరిశోధకురాలితో కలిసి మన దేశంలో పంచాయతీల మీద చేసిన ఒక అధ్యయనం ఉంది, 2004 నాటిది. మహిళలు సర్పంచులుగా ఉన్న ఊళ్లలో సౌకర్యాలు ఎక్కువగా ఉన్నాయి, నాణ్యత కూడా మగ సర్పంచుల ఊళ్లకు ఏమాత్రం తీసిపోలేదు, జనం లంచం ఇవ్వాల్సి రావడం తక్కువ. అయినా ఆ ఊళ్ల జనం తక్కువ తృప్తిగా ఉన్నారు. అసలు పంచాయతీ చేతిలో లేని సేవల మీద కూడా అసంతృప్తే చెప్పారు. కుళాయి నీళ్లు వస్తున్నా, తిప్పిన చెయ్యి ఎవరిదో చూసి మార్కులు వేస్తున్నాం అన్నమాట. పని జరిగితే వెనకాల ఉన్న మగవాడి ఖాతాలో, ఆగిపోతే ముందున్న ఆడమనిషి ఖాతాలో. ఇలా జమాఖర్చు రాస్తే ఆమె మీద నమ్మకం ఏ కాలానికి పెరగాలి?

పెత్తనం భర్త చేతిలో ఉండటం అబద్ధమేమీ కాదు. సర్పంచ్ భర్తల పెత్తనం ఎంత ముదిరిందంటే, కేంద్ర పంచాయతీరాజ్ శాఖ 2023లో దాని మీద ఒక కమిటీనే వేసింది. కాబట్టి "ఆయమ్మ వెనకాల ఎవరున్నారు?" అని ఓటరు అడగడంలో న్యాయం ఉంది. అన్యాయం ఎక్కడుందంటే, మగ నాయకుడి వెనకాల ఉన్నవాళ్లను అనుచరులు అంటాం, ఆడ నాయకురాలి వెనకాల ఉన్నవాళ్లను ఆడించేవాళ్లు అంటాం. ఇద్దరి వెనకా ఉన్నది చాలాసార్లు అదే కాంట్రాక్టరు, అదే బంధువు.

ఇంకో చిన్న ముడి ఉంది, ఊరి ముడి. "ఆడపిల్ల అంటే ఆడ పిల్లే, ఈడ పిల్ల కాదు" అని మా సీమలో పెద్దవాళ్లు అంటుంటారు. అక్కడి పిల్ల, ఇక్కడిది కాదు అని. పుట్టినూరు ఆమెను పరాయింటికి పోయిన మనిషిగా చూస్తుంది, మెట్టినూరు బయట నుంచి వచ్చిన కోడలిగా చూస్తుంది. మగ అభ్యర్థికి సొంతూరు ఒకటి ఉంటుంది, దాని ఓట్లు ముందే జేబులో ఉంటాయి. ఆమెకు రెండు ఊళ్లున్నా ఒక్కటీ పూర్తిగా ఆమెది కాదు.

అమ్మ పెట్టాలి గానీ అడగకూడదు

ఇప్పుడు నచ్చకపోవడం. ఇది నమ్మకం కంటే లోతైనది. దీని గురించి మాట్లాడాలంటే మనకు ఇబ్బందిగా ఉంటుంది, ఎందుకంటే దీనికి మన దగ్గర కారణం ఉండదు. "ఏమో, ఆయమ్మను చూస్తేనే ఏదో మాదిరి ఉంటాది" అంటారు. చాలా పొగరు అంటారు. గొంతు బాగలేదంటారు. నవ్వు నాటకం అంటారు.

నేను ఇన్నాళ్లూ విన్నదంతా కలిపి చూస్తే నాకు తోచింది ఒకటే. ఆడమనిషి అధికారంలో ఉండటం మనకు పెద్దగా ఇబ్బంది కాదు. ఆ అధికారం తనకు కావాలని నోరు తెరిచి అడగడమే నచ్చదు. అభ్యర్థి అంటేనే అడిగే మనిషి. ఆడవాళ్లు బతుకంతా అడుగుతూనే ఉంటారు. పిల్లాడికి సీటు, అత్తకు పింఛను, మొగుడికి బెయిలు. వేరేవాళ్ల కోసం అడిగినంతకాలం ఆ అడగడం ముచ్చటగానే ఉంటుంది. అడగందే అమ్మయినా పెట్టదు అంటాం కదా. ఆ సామెతలో అడిగేది బిడ్డ, పెట్టేది అమ్మ. అమ్మే వచ్చి నాకు కావాలి అంటే ఏం చేయాలో మన సామెతల్లో ఎక్కడా లేదు.

మనం ఇష్టపడిన నాయకురాళ్లను ఏమని పిలిచామో చూడండి. ఇందిరమ్మ, విజయమ్మ, సునీతమ్మ. ఇందిరా గాంధీ 1966లో ప్రధాని అయిన కొత్తలో సోషలిస్టు నాయకుడు రామ్ మనోహర్ లోహియా ఆమెను మూగబొమ్మ అన్నాడు. తర్వాత ఆమె దుర్గ అయింది, మనకైతే ఇందిరమ్మ అయింది. 1980లో మెదక్ నుంచి ఆమెను లోక్‌సభకు పంపింది తెలుగువాళ్లే. మూగబొమ్మకూ అమ్మకూ నడుమ మామూలు మనిషిగా నిలబడే చోటు మాత్రం ఆమెకు కూడా దొరకలేదు.

సీమలో ఆడవాళ్లు అసెంబ్లీకి వెళ్లిన దారులు చూస్తే గుండె బరువెక్కుతుంది. 2005 జనవరిలో పరిటాల రవి హత్య జరిగాక సునీత పెనుకొండ ఉప ఎన్నికలో గెలిచారు. వైఎస్ రాజశేఖరరెడ్డి మరణం తర్వాత విజయమ్మ పులివెందుల నుంచి ఏకగ్రీవంగా ఎన్నికయ్యారు. 2014 ఏప్రిల్‌లో ప్రచారంలో ఉండగా రోడ్డు ప్రమాదంలో శోభా నాగిరెడ్డి చనిపోయారు, అయినా బ్యాలెట్ మీద పేరు అలాగే ఉంది, ఆళ్లగడ్డ జనం చనిపోయిన మనిషినే గెలిపించారు. ఆ ఖాళీలో కూతురు అఖిలప్రియ ఏకగ్రీవంగా వచ్చారు. 2017లో భర్త హత్యకు గురయ్యాక కంగాటి శ్రీదేవి 2019లో పత్తికొండలో గెలిచారు. వీళ్లలో ఎవరి సమర్థతనూ నేను తక్కువ చేయడం లేదు. సునీత తర్వాత రాప్తాడులో గెలిచి మంత్రి కూడా అయ్యారు, 2024లో మళ్లీ గెలిచారు. శోభ తన బతుకంతా రాజకీయంలోనే ఉన్న మనిషి. కానీ చాలామందికి లోపలికి దారి ఇచ్చింది ఒక శవపేటిక. కన్నీళ్లతో వచ్చిన ఆడమనిషి తనకోసం అడగడం లేదు, పోయినవాడి కోసం అడుగుతోంది. అందుకే ఇవ్వడానికి చెయ్యి వచ్చింది.

షర్మిల సంగతి ఈ కోణంలో చూస్తే చాలా విషయాలు తేటపడతాయి. 2012 అక్టోబర్‌లో ఇడుపులపాయ నుంచి మొదలుపెట్టి ఆమె మూడు వేల కిలోమీటర్లకు పైగా నడిచారు. అన్న జైల్లో ఉన్నాడు, చెల్లెలు నడుస్తోంది. తనను తాను జగనన్న వదిలిన బాణం అని చెప్పుకున్నారు. అప్పుడు దారి పొడుగునా హారతులు పట్టారు. 2024లో అదే మనిషి సొంతంగా, అన్న పార్టీకి ఎదురుగా నిలబడితే మాటలు మారాయి. ఇంటి గొడవ బజారున పెట్టిందన్నారు, ఆశ ఎక్కువన్నారు. పెళ్లయ్యాక వైఎస్ అనే ఇంటిపేరు ఎలా వాడుతుందని ప్రత్యర్థులు అడిగారు. కట్టిన పసుపు చీర కూడా విమర్శకు వస్తువైంది. 2010లో అన్న కాంగ్రెస్‌ను వదిలి సొంత దారి చూసుకున్నప్పుడు ఆయన్ను తిట్టినవాళ్లూ ఉన్నారు, కానీ కడపలో నా చెవిన ఎక్కువగా పడిన మాట పౌరుషం. ఇద్దరూ చేసింది ఒకే రకం పని. ఒకరిది పౌరుషం, ఇంకొకరిది ఆశ. బాణాన్ని ఇష్టపడ్డాం, బాణం విల్లు పట్టుకుంటే ఇష్టపడలేదు.

ఆమె ఓటమికి ఇదొక్కటే కారణమని చెప్తే అది అబద్ధం. రాష్ట్ర విభజన తర్వాత కాంగ్రెస్ మీద ఉన్న కోపం ఇక్కడ ఇంకా చల్లారలేదు. ఎదుట ఉన్నది ఆ కుటుంబంలోనే పాతుకుపోయిన ఎంపీ, మరో పక్క కూటమి గాలి. మగవాడు నిలబడినా ఆ పార్టీ గుర్తు మీద గెలవడం కష్టమే. నేను అంటున్నది ఓట్ల లెక్క గురించి కాదు. ఆమె గురించి మాట్లాడటానికి మనం ఎంచుకున్న మాటల గురించి.

ఇది మన సీమ జబ్బు మాత్రమే కూడా కాదు. అమెరికాలో హిల్లరీ క్లింటన్ విదేశాంగ మంత్రిగా పనిచేస్తున్న రోజుల్లో, 2012లో, గ్యాలప్ సర్వేలో మూడింట రెండొంతుల మంది ఆమె అంటే మంచి అభిప్రాయమే చెప్పారు. 2016లో అధ్యక్ష పదవి కావాలని అడిగే సమయానికి నచ్చదు అనేవాళ్లే సగానికి మించిపోయారు. ఈమెయిళ్ల వివాదం ఉంది, ఇరాక్ యుద్ధానికి ఆమె ఓటు వేసిన సంగతీ ఉంది, అవి చిన్నవి కావు. దేశం మొత్తం మీద సుమారు 29 లక్షల ఓట్లు ఎక్కువ వచ్చినా అక్కడి ఎన్నికల పద్ధతి వల్ల ఆమె ఓడిపోయారు. కానీ పదవిలో ఒదిగి పనిచేసేటప్పుడు నచ్చిన మనిషి, పదవి అడిగేసరికి నచ్చకుండా పోవడం ఆమె బతుకులో ఒక్కసారి జరిగింది కాదు, సెనేటర్‌గా పోటీ చేసిన రోజుల నుంచీ ఉన్నదే.

యేల్ యూనివర్సిటీలో ఒకిమోటో, బ్రెస్కాల్ అనే ఇద్దరు 2010లో ఇదే పరీక్షించి చూశారు. లేని నాయకుడి గురించి ఒక పరిచయం రాసి కొందరికి మగ పేరుతో, కొందరికి ఆడ పేరుతో ఇచ్చారు. ఈ మనిషికి అధికారం మీద ఆసక్తి ఎక్కువ అనే సంగతి చేర్చితే మగ నాయకుడి మీద జనం అభిప్రాయం చెడిపోలేదు. ఆడ నాయకురాలికి మాత్రం ఓటు వేస్తామనేవాళ్లు తగ్గారు. ఊరికే తగ్గడం కాదు, కోపం, ఏవగింపు లాంటివి బయటపడ్డాయి. మగవాళ్లలోనే కాదు, ఆడవాళ్లలోనూ. "చూస్తేనే ఏదో మాదిరి ఉంటాది" అని మన ఊళ్లలో చెప్పేది ఆ ఏవగింపునే.

ఆడవాళ్లలోనూ అనగానే "ఆడదానికి ఆడదే శత్రువు" అని తేల్చేసేవాళ్లుంటారు. ఆ మాట నాకు అస్సలు ఒప్పదు. కర్నూలు జిల్లాలో ఒక డ్వాక్రా గ్రూపు లీడర్‌ను ఇదే అడిగాను. నలభై ఏళ్లుంటాయి, గ్రూపు లెక్కలన్నీ నోటి మీదే చెప్తుంది. "నాకు ఆయమ్మంటే ఇష్టమే. ఓడిపోయే మనిషికేస్తే రేపు ఇంటి పట్టాకు ఎవుర్ని అడుక్కోవల్ల?" అంది. ఆమెకు ఇష్టం ఉంది, నమ్మకం లేదు. ఇంకొందరు ఆడవాళ్లకు నమ్మకం ఉన్నా ఇష్టం ఉండదు. నోరు కట్టుకుని, తిరుగుడు మానుకుని, అందరి దగ్గరా మంచి అనిపించుకోవడానికి వాళ్లు బతుకంతా ఖరీదు కట్టారు. అవేవీ కట్టకుండా ఒకామె మైకు పట్టుకుంటే కడుపులో కలుక్కుమంటుంది. అది శత్రుత్వం కాదు, తాము పోగొట్టుకున్నదాని నొప్పి.

ఓటరునే తప్పుపట్టి వదిలేస్తే అసలువాళ్లు తప్పించుకుంటారు. 2024 లోక్‌సభ ఎన్నికల్లో దేశం మొత్తం మీద 8,360 మంది పోటీ చేస్తే మహిళలు సుమారు 800 మంది. గెలిచినవాళ్లు 543లో 74 మంది. నిలబడినవాళ్లలో దాదాపు పదో వంతే ఆడవాళ్లు, గెలిచినవాళ్లలో ఏడో వంతుకు దగ్గరగా ఉన్నారు. బూత్ దాకా రానిస్తే జనం మరీ అంత తోసిపుచ్చడం లేదు, టికెట్ దగ్గరే తలుపు పడుతోంది. పార్టీ ఆఫీసులో "జనం ఆడవాళ్లకు వేయరు" అంటారు. జనమేమో "పార్టీయే నమ్మలేదు, మేమెట్లా నమ్మేది" అంటారు. నడుమ ఆమె చేతిలో బయోడేటా పట్టుకుని వరండాలో కూర్చుని ఉంటుంది.

మహిళా అభ్యర్థి మీద వచ్చే ప్రతి విమర్శా వివక్షే అనడం కూడా తప్పు. పని చేయని ఎమ్మెల్యేను ఓడించాల్సిందే, అవినీతి చేస్తే నిలదీయాల్సిందే. నేను వాడే పరీక్ష చాలా సులువైనది. అదే వాక్యంలో మగ అభ్యర్థి పేరు పెట్టి చదువుతాను. "ఐదేళ్లలో ఒక్క చెరువు కూడా నింపలేదు" అనే మాట ఎవరి పేరు పెట్టినా నిలబడుతుంది, అది న్యాయమైన కోపం. "నోరు పెద్దది", "ఆశ ఎక్కువ", "పిల్లల్ని ఇంట్లో వదిలి తిరుగుతాది" అనే మాటలు మగ పేరు పెట్టగానే తేలిపోతాయి.

చూస్తే నమ్మకం వస్తుంది, ఇష్టం?

పశ్చిమ బెంగాల్‌లోని బీర్భూమ్ జిల్లాలో చేసిన ఒక ప్రయోగం ఈ రెండు దారాలనూ చక్కగా విడదీసి చూపించింది. డుఫ్లోతో పాటు బీమన్, చట్టోపాధ్యాయ్, పాండే, టోపలోవా చేసిన పని అది, 2009లో అచ్చయింది. ఒకే ఉపన్యాసాన్ని మగ గొంతుతో, ఆడ గొంతుతో రికార్డు చేసి పల్లెల్లో వినిపించారు. మహిళా ప్రధాన్‌ను, అంటే సర్పంచ్‌ను, ఎన్నడూ చూడని ఊళ్లలో మగవాళ్లు ఆడ గొంతుకు తక్కువ మార్కులు వేశారు. మాట మాటా అదే అయినా సరే. రిజర్వేషన్ వల్ల ఒకసారైనా మహిళా ప్రధాన్ పాలన చూసిన ఊళ్లలో ఆ తేడా దాదాపు చెరిగిపోయింది. చేయగలదనే నమ్మకం వచ్చేసింది. కానీ నాయకత్వంలో ఎవరుంటే ఇష్టం అంటే మాత్రం మగవాళ్ల జవాబు మారలేదు. నమ్మకం కళ్లతో చూస్తే వస్తుంది, ఇష్టం దాని వెనకాల చాలా నిదానంగా నడుస్తుంది. ఇష్టం మారకపోయినా ఫలితం మారింది. వరసగా రెండుసార్లు రిజర్వ్ అయిన చోట్ల, రిజర్వేషన్ తీసేశాక కూడా ఆడవాళ్లు ఎక్కువగా నిలబడ్డారు, గెలిచారు.

మన శింగనమలను చూడండి. 2014లో యామినిబాల, 2019లో జొన్నలగడ్డ పద్మావతి, 2024లో బండారు శ్రావణిశ్రీ. వరసగా మూడు ఎన్నికల్లో ముగ్గురు వేర్వేరు మహిళలు. మొదటి రెండుసార్లు ప్రధాన పోటీ కూడా ఇద్దరు మహిళల మధ్యే. రెండు వైపులా ఆడమనిషే ఉన్నప్పుడు "ఆడమనిషి చేయగలదా" అనే ప్రశ్నకు పోటీలో చోటే ఉండదు. పార్టీ, కులం, నీళ్లు, పని గురించే మాట్లాడుకోవాలి.

బెంగాల్ ప్రయోగంలో వరసగా రెండుసార్లు రిజర్వ్ కావడం అన్నదే ఇక్కడ కీలకం. 73వ రాజ్యాంగ సవరణ 1993 ఏప్రిల్ 24న అమల్లోకి వచ్చాక పంచాయతీల్లో మూడో వంతు సీట్లు ఆడవాళ్లకు దక్కాయి, మన రాష్ట్రంలో తర్వాత అది సగం అయింది. కానీ సీట్లు చక్రంలా తిరుగుతుంటాయి. ఒక ఊరు ఒకామెను చూసి, ఆమె మీద నమ్మకం పెట్టుకునే సమయానికి రిజర్వేషన్ ఇంకో ఊరికి పోతుంది. లోక్‌సభలో, అసెంబ్లీల్లో మూడో వంతు సీట్ల కోసం 2023లో 106వ సవరణ చేశారు, జనాభా లెక్కలు, నియోజకవర్గాల పునర్విభజన తర్వాతే అమలవుతుందని దానిలో రాశారు. ఆ సీట్లు కూడా తిరిగేవే.

మా పెద్దమ్మ పదవి 2018లో అయిపోయింది. మళ్లీ పంచాయతీ ఎన్నికలు 2021 ఫిబ్రవరిలో జరిగాయి. మోటారు గొడవ తర్వాత ఆమె ఆఫీసుకు తానే వెళ్లడం నేర్చుకుంది, చివరి రెండేళ్లు ఏ తీర్మానమూ చదివించుకోకుండా సంతకం పెట్టలేదు. పదవి పోయాక కూడా నీళ్లు రాకపోతే ఆడవాళ్లు ఆమె వాకిలి దగ్గరికే వచ్చేవాళ్లు. 2021లో ఆ ఊరి సీటు జనరల్ అయింది. ఇంట్లో అందరూ కూర్చుని ఎవరిని నిలబెట్టాలా అని మాట్లాడుకుంటున్నారు. పెద్దమ్మ కాఫీ గ్లాసులు తెచ్చి పెట్టి అక్కడే నిలబడింది. "నేనే ఏస్తా ఈసారి గూడా" అంది. ఎవరూ కోప్పడలేదు. పెద్దనాయన నిదానంగానే చెప్పాడు, "లేడీస్ సీటు పోయింది కదనే, ఇప్పుడు జనరల్." పెద్దమ్మ ఆయన్ను, మా అన్నను, ఇద్దరినీ చూసింది.

"జనరల్ అంటే మగోళ్లదని యాడ రాసుండాది?"

ఎవరూ జవాబు చెప్పలేదు. ఆమె ఖాళీ గ్లాసులు తీసుకుని లోపలికి వెళ్లింది. నామినేషన్ మా అన్న వేశాడు.